మ్యాపులు గీసే క్యూజీఐఎస్ (QGIS) సాఫ్ట్‌వేర్‌లో ఊరి పేరు వెతకడానికి = మంచిదా, ఐలైక్ (ILIKE) మంచిదా?

గ్రామాల లేయర్ తెరిచి, షరతు రాసి వరుసలు ఎంచుకునే సెలెక్ట్ బై ఎక్స్‌ప్రెషన్‌లో "పేరు" = 'కొత్తపల్లి' అని కొడతాం. ఒక్క ఊరు కూడా రాదు! పట్టిక చూస్తే పేరు కళ్లముందే ఉంటుంది. తీరా చూస్తే చివర కనపడని ఖాళీ ఒకటి. = గుర్తు అంత కచ్చితం: అక్షరం పొల్లుపోకూడదు, ఖాళీ కూడా మిగలకూడదు. ఇంగ్లిష్ డేటా అయితే పెద్ద, చిన్న అక్షరాల తేడాను కూడా ఒప్పుకోదు.

ఐలైక్‌కి ఆ పట్టింపు లేదు. '%కొత్తపల్లి%' అని ఇస్తే శాతం గుర్తు ఉన్నచోట ఏమున్నా సరే అంటుంది. ఖాళీ ఉన్న ఊరు దొరుకుతుంది. కానీ నాగర్‌కర్నూల్ జిల్లా పెద్దకొత్తపల్లి కూడా వెంట వచ్చేస్తుంది. ముందున్న శాతం గుర్తు తీసేస్తే అది పోతుంది. 'కొత్తపల్లె' అని రాసిన ఊళ్లు కూడా కావాలంటే చివరి గుణింతం వదిలి 'కొత్తపల్ల%' అనాలి. మన ఊళ్ల పేర్లు ఒక్కో రికార్డులో ఒక్కోలా ఉంటాయి కాబట్టి, పేరుతో వెతికేటప్పుడు నేను ముందు ఐలైకే వాడతాను. వచ్చిన వరుసలన్నీ కళ్లతో చూశాకే మ్యాప్ గీస్తాను.

కోడ్ ఉంటే మాత్రం మరో మాట లేదు, = వాడండి. 2011 జనగణనలో ప్రతి గ్రామానికీ ఆరంకెల కోడ్ ఉంది. కొత్తపల్లులు ఎన్ని ఉన్నా కోడ్ ఒక్కదానిదే.

పేరు గడి ఖాళీగా, అంటే నల్‌గా (NULL) ఉన్న వరుసలు =, ఐలైక్ రెండింటికీ చిక్కవు. వాటికి ఈజ్ నల్ (IS NULL) అని విడిగా అడగాల్సిందే.