నల్లగొండలో లివర్ ప్యాకేజీ: స్కానింగ్ బాగుంది, వైరస్ పరీక్షే లేదు

మా మేనమామకు కాలేయం లోపలి పిత్తనాళాల్లో అరుదైన క్యాన్సర్ కణితితో పాటు, ఒకరి నుంచి ఒకరికి సోకే కాలేయ వైరస్ హెపటైటిస్-బి కూడా ఉన్నట్లు హైదరాబాద్‌లో తేలింది. ఇంట్లోవాళ్లందరూ పరీక్ష చేయించుకోవాలని అక్కడి డాక్టర్ చెప్పడంతో, నల్లగొండలోని ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ‘లివర్ క్యాన్సర్ ముందస్తు పరీక్ష’ అనే ప్యాకేజీ తీసుకున్నాం.

స్కానింగ్‌కు వంక పెట్టనక్కరలేదు. పరగడుపున రమ్మన్నారు, రేడియాలజిస్టు ఒక్కొక్కరినీ ఎడమ పక్కకు తిప్పి, ఊపిరి బిగపట్టమని, పక్కటెముకల సందుల్లోంచి ఓపికగా చూశారు.

చిక్కంతా రక్తపరీక్షల దగ్గరే ఉంది. కామెర్లను చూపే బిలిరుబిన్, కాలేయ కణాలు దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ, కాలేయ క్యాన్సర్ జాడ కోసం చూసే ఏఎఫ్‌పీ ఉన్నాయి కానీ, హెపటైటిస్-బిని పట్టే హెచ్‌బీఎస్ఏజీ గానీ, హెపటైటిస్-సి యాంటీబాడీ పరీక్ష గానీ లేవు. కాలేయ కణాల్లో పుట్టే క్యాన్సర్‌తో పాటు మామయ్యకు వచ్చిన రకం ముప్పును కూడా ఈ రెండు వైరస్‌లూ పెంచుతాయి. బి వైరస్ తన డీఎన్ఏను మన కణాల డీఎన్ఏలోకే చొప్పించగలదు కాబట్టి సిర్రోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడటం) రాకుండానే క్యాన్సర్ మొదలయ్యే అవకాశముంది. సి వైరస్ అలా చొరబడదు, ఏళ్ల తరబడి వాపుతో కాలేయాన్ని గట్టిపరుస్తూ దెబ్బతీస్తుంది. బోర్డు మీద పెద్దక్షరాలతో రాసిన ఏఎఫ్‌పీ, పిత్తనాళ క్యాన్సర్‌లో చాలామందికి మామూలుగానే ఉంటుంది.

వైరస్‌ల వల్ల వచ్చే ఇంకా అరుదైన కణితులూ ఉన్నాయి. అవయవ మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారిలో, హెచ్ఐవీ ఉన్నవారిలో ఎప్‌స్టీన్-బార్ వైరస్ వల్ల కాలేయంలో నునుపు కండర (రక్తనాళాల గోడల్లో ఉండే రకం కండరం) కణితులు రావచ్చు. ఆ వైరస్ జాడను బయాప్సీ ముక్కలోని కణాల్లో వెతకాలి గనుక, దాన్ని ఈ ప్యాకేజీలో చేర్చమని నేను అడగను.

హెచ్‌బీఎస్ఏజీ సంగతి అలా కాదు. కౌంటర్‌లో పట్టుబట్టి అడిగితే అదనపు రుసుముతో, అదే రక్తంతో రెండు పరీక్షలూ చేసి సాయంత్రానికి రిపోర్టులిచ్చారు. మా అత్తయ్యకు హెపటైటిస్-బి పాజిటివ్ వచ్చింది. ఆమె ఎస్‌జీపీటీ, స్కానింగ్ రెండూ మామూలుగానే ఉన్నాయి. ప్యాకేజీనే నమ్ముకుని ఉంటే ఆమెకు ఏమీ లేదనుకుని ఇంటికి వచ్చేవాళ్లం.

ఆ ఫలితాన్ని నలుగురూ వినేలా కౌంటర్ దగ్గరే చదివి చెప్పడం మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. స్కానింగ్‌కు, వేగానికి కలిపి ఐదుకు మూడు ఇస్తాను. అక్కడికి వెళ్లేవారు డబ్బు కట్టకముందే ఈ రెండు పరీక్షలూ బిల్లులో రాయించుకోండి. హెపటైటిస్-బి నెగటివ్ వచ్చినవారికి దాని టీకా అక్కడ వేయరు, వేరేచోట చూసుకోవాలి.