పళ్లు కొరికేవాళ్లకు ఫిజియోథెరపీ: ఏడాది దాటాక

నొప్పి తగ్గింది, కొరకడం ఆగలేదు. ఏడాదికి పైగా చేయించుకున్నాక నేను ముందు చెప్పేది ఇదే.

నాది హనుమకొండలో అకౌంట్స్ పని. పొద్దున లేచేసరికి దవడలు పట్టేసి, కణతలు లాగేవి. నోట్లో రెండు వేళ్లు పట్టడమే కష్టం. "రాత్రంతా పండ్లు పటపట కొరుకుతున్నరు, నాకు నిద్ర పడ్తలేదు" అని మా ఆవిడ గోల. డెంటిస్ట్ నైట్ గార్డ్ (రాత్రి పడుకునేటప్పుడు పళ్లకు పెట్టుకునే తొడుగు) ఇచ్చారు. పళ్లు అరగకుండా అది కాపాడింది గానీ, కండరాల బిగువు పోలేదు. అప్పుడు ఆయనే ఫిజియో దగ్గరికి పంపారు.

ఫిజియో గ్లవ్స్ వేసుకుని, బొటనవేలు నోట్లో, మిగతా వేళ్లు బయట పెట్టి చెంప కండరాన్ని పట్టి నొక్కుతారు. మొదటిసారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తర్వాత కణతలు, మెడ వెనక భాగం. ఆ పూటకు హాయే, కానీ రెండు మూడు రోజులకు మళ్లీ బిగుసుకునేది. ఉత్త మసాజ్ కోసమైతే డబ్బు దండగ.

నిలబడింది వ్యాయామాల వల్లే. నాలుక కొనను పై ముందుపళ్ల వెనక అంగిలికి ఆనించి, అది జారకుండా నోరు మెల్లగా తెరవాలి. గడ్డం కింద పిడికిలితో కొంచెం అడ్డుకుంటూ తెరవడం ఇంకోటి. గడ్డాన్ని వెనక్కి లాగి మెడ నిటారుగా పెట్టడం మరొకటి. ఒక్కోటి 6 సార్లు, అలా రోజుకు 6 పూటలన్నారు. ఉద్యోగం చేసేవాళ్లకు అన్ని పూటలు ఎక్కడ కుదురుతుంది!

వీటన్నిటికన్నా నాకు పనికొచ్చింది చిన్న అలవాటు: పెదవులు మూసి ఉన్నా పళ్లు విడిగా ఉండాలి. నమిలేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పైవి, కిందివి తగలకూడదు. మానిటర్ అంచుకు ఎర్ర స్టిక్కర్ అంటించాను, కంట పడినప్పుడల్లా దవడ వదులు చేస్తాను. 20వ తేదీ జీఎస్టీ రిటర్న్ టెన్షన్‌లో మాత్రం ఆ స్టిక్కర్ కనిపించదు.

ఇప్పుడు మూడు వేళ్లు నిలువుగా పడుతున్నాయి, సంక్రాంతికి సకినాలు కూడా తిన్నాను. నైట్ గార్డ్ మీద కొత్త గీతలు పడుతూనే ఉన్నాయి, కాబట్టి దాన్ని మానలేదు.

గట్టిగా గురక, నిద్రలో ఊపిరి ఆగినట్టు ఉండటం ఉంటే ముందు డాక్టర్‌కు చూపించుకోండి. డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులతో కూడా పళ్లు కొరకడం రావచ్చు, కానీ సొంతంగా మందు ఆపొద్దు. ఫిజియో దగ్గరికి వెళ్లే ముందు దవడ కేసులు చూస్తారా అని ఫోన్ చేసి అడగండి. ఇక్కడ నేను అడిగినవాళ్లలో ఎక్కువమంది నడుము, మోకాళ్ల దగ్గరే ఆగిపోయారు.