వాక్‌మన్ స్క్రూలకు వెసెల్ డ్రైవర్లు: ముప్పై రెండు బిట్ల పెట్టె వద్దు, ఈ రెండు చాలు

ముందే చెప్పేస్తాను. పాత వాక్‌మన్, అంటే చేతిలో పట్టే క్యాసెట్ ప్లేయర్, విప్పాలనుకునేవాళ్లు ముప్పై రెండు బిట్ల (ఒకే పిడికి మార్చి మార్చి తగిలించే మొనల) పెట్టె కొనకండి. ఆ డబ్బుకు ఇంకొంత కలిపి జపాన్ కొలతల ప్లస్ డ్రైవర్లు రెండు తెప్పించుకోండి. ఒకటి డబుల్ జీరో సైజు, ఇంకొకటి సింగిల్ జీరో. నా దగ్గర ఉన్నవి వెసెల్ కంపెనీవి. ఒసాకా వాళ్లు, 1916 నుంచి ఉన్నారు. ఆన్‌లైన్‌లో ఒక్కోటి ఆరేడు వందలు పడింది. "స్క్రూ డ్రైవర్‌కు గన్ని పైసలా?" అని మా ఇంట్లో అడిగారు. న్యాయమైన ప్రశ్నే, దానికి జవాబే ఈ రివ్యూ.

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర నాది జిరాక్స్ షాపు. మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డాక కౌంటర్ కింది ట్రే పైకి తీసి క్యాసెట్ ప్లేయర్లు బాగుచేస్తుంటాను. వీటిని తెచ్చేవాళ్లలో సినిమా పాటల కోసం తెచ్చేవాళ్లు తక్కువ. పాటలు ఫోన్‌లోనే ఉన్నాయి కదా. ఊరి పండుగలో రికార్డు చేసుకున్న ఒగ్గు కథ, అక్క పెళ్లిలో ముసలమ్మలు పాడిన పాటలు, పోయిన తాత గొంతు, ఇలాంటివి ఒక్క క్యాసెట్‌లోనే మిగిలి ఉంటాయి. దేవరకొండ వైపు నుంచి ఒకాయన "పెట్టె పోయినా పర్వాలేదు తమ్మీ, క్యాసెట్ పలికితే చాలు" అన్నాడు. అలాంటి మాట విన్నాక ఎవరైనా స్క్రూలతో తొందరపడతారా?

అయితే ఏ ప్లేయరైనా నా దాకా వచ్చేసరికి ఎవరో ఒకరు దాని మీద చేయి వేసే ఉంటారు. నాలుగు స్క్రూలు వచ్చి ఉంటాయి, అయిదోదాని గాడి మొత్తం అరిగిపోయి గుండ్రటి గుంత మిగిలి ఉంటుంది. అందరూ "స్క్రూ మొండిది" అంటారు. నేను చూసినంతలో మొండి స్క్రూలు కొన్నే. ఎక్కువగా తప్పు డ్రైవర్ మొనదే.

అదెలాగో చెబుతాను. క్యాసెట్‌ను 1963లో తెచ్చింది నెదర్లాండ్స్‌కు చెందిన ఫిలిప్స్. దాన్ని నడుముకు తగిలించుకుని తిరిగేలా చేసింది మాత్రం జపాన్. సోనీ మొదటి వాక్‌మన్, టీపీఎస్-ఎల్2, అక్కడ 1979 జూలై 1న అమ్మకానికి వచ్చింది. కాబట్టి ఈ పెట్టెల్లో ఉండేవి జపాన్ ప్రమాణం, అంటే జేఐఎస్ ప్రకారం చేసిన ప్లస్ స్క్రూలు. మన బజార్లో దొరికే ప్లస్ డ్రైవర్లు అమెరికావాడు హెన్రీ ఫిలిప్స్ 1930లలో వ్యాప్తిలోకి తెచ్చిన రకం (రేడియోల ఫిలిప్స్‌కూ ఈయనకూ సంబంధం లేదు). పైకి రెండూ ఒకటే ప్లస్ గుర్తులా కనిపిస్తాయి. కానీ ఫిలిప్స్ మొన జేఐఎస్ గాడిలో పూర్తిగా అడుగుదాకా కూర్చోదు. కొంచెం బలం పెట్టగానే మొన పైకి ఎగదన్నుకుని వస్తుంది, వస్తూ వస్తూ గాడి అంచును గీకేస్తుంది. రెండు మూడుసార్లు అలా జరిగితే ఆ స్క్రూ పని అయిపోయినట్టే. పెద్ద జేఐఎస్ స్క్రూల తల మీద తరచూ చిన్న చుక్క గుర్తు ఉంటుంది. వాక్‌మన్‌లో వచ్చే రెండు మిల్లీమీటర్లు, అంతకన్నా సన్నని స్క్రూల మీద చాలాసార్లు అదీ ఉండదు, చోటేది? జపాన్ పెట్టె అయితే జేఐఎస్ అనే అనుకోండి. జేఐఎస్ డ్రైవర్ ఫిలిప్స్ స్క్రూలో కూడా బాగానే కూర్చుంటుంది కాబట్టి నష్టం లేదు.

ఇక ఆ ముప్పై రెండు బిట్ల పెట్టె సంగతి. షాపాయన "గిది తీస్కపో అన్నా, సెల్‌ఫోన్ నుంచి లాప్‌టాప్ దాకా అన్నీ ఇప్పుతది" అన్నాడు. ఏ కంపెనీయో పెట్టె మీద కూడా లేదు, ఉన్నా రాసేవాణ్ణి కాదు. అందులో నక్షత్రం బిట్లు, మూడు రెక్కల బిట్లు, అయిదు కోణాల బిట్లు, అసలు ఎక్కడ వాడతారో తెలియనివి ఎన్నో ఉన్నాయి. వాక్‌మన్‌కు పనికొచ్చే డబుల్ జీరో బిట్ మాత్రం మెత్తటి ఇనుము. మొదట మెలి తిరిగింది స్క్రూ కాదు, బిట్టే. పైగా బిట్ హోల్డర్‌లో లూజుగా ఊగుతుంది. తిప్పే బలంలో సగం ఆ ఊగుడుకే పోతుంది.

వెసెల్ డ్రైవర్ పెట్టగానే తేడా చేతికి తెలుస్తుంది. గాడిలో పెట్టి కొంచెం అటూ ఇటూ కదిపితే చటుక్కున దిగి నిలబడుతుంది. చేయి తీసినా వెంటనే పడిపోదు. మొన అంచులు పదునుగా ఉన్నాయి, వాడుతున్నా అరిగినట్టు కనిపించలేదు. పిడి చివర విడిగా తిరిగే టోపీ ఉంది. దాన్ని అరచేతితో నొక్కి పట్టి వేళ్లతో పిడిని తిప్పాలి. బలంలో ఏడు వంతులు నొక్కడానికి, మూడు వంతులు తిప్పడానికి అని జపాన్ వాళ్లు చెప్పే లెక్క ఇలాంటి పిడితోనే కుదురుతుంది. మన వేసవిలో, అదీ కరెంటు పోయిన మధ్యాహ్నం, ఈ సన్నని పిడి చెమట చేతుల్లో జారుతుంది. పాత సైకిల్ ట్యూబ్ ముక్క తొడిగాను, సరిపోయింది.

డ్రైవర్ మంచిదైనంత మాత్రాన కూర్చున్న చోటే పని అయిపోదు. ముందు గాడిని శుభ్రం చేయాలి. మా దగ్గర ఆ గాడిలో ఎర్ర దుమ్ము గట్టిగా దట్టించుకుని ఉంటుంది, సూదితో గీకి ఊదితే గానీ మొన దిగదు. తర్వాత విప్పే వైపు కాకుండా బిగించే వైపు ఒక్క వెంట్రుకవాసి తిప్పండి. ఫ్యాక్టరీలో స్క్రూ కదలకుండా పూసిన పెయింట్ అక్కడే విరుగుతుంది. అప్పుడు వెనక్కి తిప్పితే సులువుగా వస్తుంది. పెయింట్ మరీ గట్టిగా ఉంటే పళ్లపుల్ల కొసతో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక చుక్క వేసి ఆగండి. నెయిల్ పాలిష్ రిమూవర్ జోలికి మాత్రం పోవద్దు. వాటిలో చాలావాటిలో అసిటోన్ ఉంటుంది, అది ప్లాస్టిక్ బాడీని కరిగిస్తుంది. లోహపు బాడీ అయితే సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ తల మీద కొన్ని సెకన్లు ఆనించినా పట్టు వదులుతుంది. ప్లాస్టిక్‌లోకి దిగిన స్క్రూకు అదే వైద్యం చేస్తే చుట్టూ ప్లాస్టిక్ మెత్తబడి స్క్రూ వస్తుంది, మళ్లీ బిగించినప్పుడు మాత్రం పట్టుకోదు.

తుప్పు మాటకొస్తే, నల్లగొండలో గాలి తేమ వల్ల పట్టే తుప్పు కన్నా సెల్లు కారి పట్టిన తుప్పే ఎక్కువ చూస్తాను. పెన్సిల్ సెల్లు లోపలే మరిచిపోయి అటక మీద పెట్టేస్తారు. ఆల్కలైన్ సెల్ కారితే తెల్లటి పొడి కడుతుంది. అది క్షారం. కాటన్ బడ్‌తో కొంచెం వెనిగర్ అద్దితే విరుగుతుంది, తర్వాత ఆల్కహాల్‌తో తుడవాలి. తుప్పు వదిలించే స్ప్రే నేరుగా కొట్టడం మాత్రం నేరమే అంటాను. ఆ నూనె బెల్టుకూ, టేపును లాగే రబ్బరు చక్రానికీ అంటితే పాట సాగుతూ, వణుకుతూ వస్తుంది. స్క్రూ పోతే ఒక స్క్రూ పోయిందనుకోవచ్చు, రబ్బరు చక్రం ఎక్కడ తెస్తారు?

ఇప్పటికే గాడి పోయిన స్క్రూకు వెసెల్ అయినా ఏమీ చేయలేదు, ఆ ఆశ పెట్టుకోకండి. డ్రైవర్‌కూ స్క్రూకూ మధ్య రబ్బరు ముక్క పెట్టే చిట్కా పెద్ద స్క్రూలకు పనిచేస్తుందేమో, ఇంత చిన్న గాడిలో రబ్బరు దూరేదే లేదు. ఫెవిక్విక్‌తో డ్రైవర్‌ను అతికించమనేవాళ్లూ ఉన్నారు. ఆ జిగురు పక్కకు కారి స్క్రూనే బాడీకి అతికిస్తుంది. బ్లేడుతో తల మీద అడ్డంగా గీత కోసి మైనస్ డ్రైవర్‌తో తిప్పడం పనిచేస్తుంది. కానీ కోసేటప్పుడు రాలే ఇనుప రజను మోటార్‌లోని అయస్కాంతం లోపలికి లాక్కుంటుంది. అందుకే ఆ పని చేయాల్సి వస్తే చుట్టూ టేపు అంటించి, పెట్టెను తలకిందులుగా పట్టుకుని కోయండి.

స్క్రూ తలను పట్టి లాగడానికి దవడల లోపల నిలువు గాట్లున్న ప్లయర్ కూడా తెప్పించాను. జిరాక్స్ మెషీన్‌లో తల పైకి ఉన్న స్క్రూలకు అద్భుతం. వాక్‌మన్‌లో స్క్రూ తలలు చాలావరకు గుంతలో దిగి ఉంటాయి, దానికి పట్టు దొరకదు. వాక్‌మన్ కోసమే అయితే ఆ డబ్బు మిగుల్చుకోండి. తల లోతుగా ఉండి గాడి మొత్తం పోతే చేత్తో తిప్పే చిన్న డ్రిల్‌తో తల ఊడే దాకా తొలచడమే దారి. నిదానంగా, మధ్యలో ఊదుకుంటూ. మూత వచ్చేశాక మిగిలిన కాడను కటింగ్ ప్లయర్‌తో పట్టి తిప్పితే బయటికి వస్తుంది.

ఒక జాగ్రత్త: డ్రైవర్ మొనకు అయస్కాంతం పట్టించుకుంటే కింద పడ్డ స్క్రూ ఏరుకోవడానికి సుఖమే. ఆ మొనను టేప్ హెడ్ (టేపు మీది శబ్దాన్ని చదివే భాగం) దగ్గరికి మాత్రం తీసుకెళ్లకండి. హెడ్‌కు అయస్కాంతం పడితే బుస్సుమనే శబ్దం పెరిగి, తాళాల మోత లాంటి సన్నని ధ్వనులు మందగిస్తాయి. నేను స్క్రూలు ఏరడానికి విడిగా పాత డ్రైవర్ ఒకటి పెట్టుకున్నాను.

అరిగిన స్క్రూను తిరిగి పెట్టొద్దు, రేపు విప్పేవాడు తిట్టుకుంటాడు. చెడిపోయిన సీడీ డ్రైవ్‌లలో, పాత బటన్ ఫోన్లలో ఇదే మందం స్క్రూలు బోలెడు దొరుకుతాయి. ప్రకాశం బజార్‌లో సెల్ రిపేర్ చేసే తమ్ముడిని అడిగితే మందుసీసా మూతల నిండా పోసిచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. పొడవు మాత్రం పాతదాని పక్కన పెట్టి చూసుకోండి. పొడుగు స్క్రూ పొట్టి రంధ్రంలో బిగిస్తే బాడీ అవతలి వైపుకు మొన పొడుచుకొస్తుంది. ప్లాస్టిక్‌లోకి ఎక్కించేటప్పుడు మొదట వెనక్కి తిప్పండి, పాత మరలో టక్కున పడినట్టు తెలిశాక ముందుకు బిగించండి.