ఫ్యూజన్‌లో పీహెచ్‌డీ: ప్లాస్మానా, మెటీరియల్సా? ఏది మేలు?

శ్రీకాకుళంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి ఏడాదిలో ఉన్న మా మేనకోడలు మొన్న పండక్కి వచ్చి అడిగింది, "మావయ్యా, ఫ్యూజన్‌లో పీహెచ్‌డీ చేద్దామనుకుంటున్నాను, ప్లాస్మా తీసుకోనా, మెటీరియల్స్ తీసుకోనా?" అని. ఫ్యూజన్ అంటే సూర్యుడిలో జరిగినట్టు తేలిక పరమాణు కేంద్రకాల్ని కలిపి శక్తి తీయడం, మెటీరియల్స్ అంటే ఆ రియాక్టర్ గోడలకి వాడే లోహాల చదువు. ఇంట్లో డీఎస్సీ రాయమంటున్నారు. టీచరు ఉద్యోగం మంచిదే, కానీ పిల్ల మనసు అందులో లేదు, ఆ మాట అక్కడితో వదిలేద్దాం.

ప్లాస్మా మీద మోజు ఎవరికైనా ఉంటుంది. పదిహేను కోట్ల డిగ్రీల వేడిలో ఎలక్ట్రాన్లు విడిపోయిన వాయువుని, అదే ప్లాస్మాని, గోడకి తగలకుండా అయస్కాంతాలతో పట్టి ఉంచడం, దాని మీద నెలల తరబడి కంప్యూటర్ లెక్కలు. లెక్కల్లో దిట్టలైతే ఇక ఆలోచించక్కర్లేదు, అటే వెళ్లండి. చిక్కల్లా ఒకటే, మన దేశంలో ఆ పని జరిగే చోట్లు చాలా తక్కువ. 1989లో ఆదిత్య అనే టోకమాక్ (ప్లాస్మాని అయస్కాంతాలతో పట్టి ఉంచే యంత్రం) మొదలైన గాంధీనగర్ ప్లాస్మా పరిశోధన సంస్థ ఐపీఆర్ వాటిలో పెద్దది, అక్కడ సీటు రాకపోతే దారి ఇరుకైపోతుంది.

నేను మాత్రం మెటీరియల్సే అంటాను. హైడ్రోజన్‌లో బరువైన రకాలు డ్యుటీరియం, ట్రిటియం కలిసినప్పుడు 14.1 ఎంఈవీ (కణాల శక్తిని కొలిచే ప్రమాణం) శక్తితో న్యూట్రాన్ బయటికొస్తుంది, దానికి విద్యుదావేశం లేదు కాబట్టి ఏ అయస్కాంతమూ ఆపలేదు, నేరుగా గోడలో దూరి పరమాణువుల్ని చోటు తప్పిస్తుంది. మన శ్రీకాకుళం బుడితి వైపు ఇత్తడి పని చూసినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. ఇత్తడిని చల్లగా కొడుతూ పోతే బిరుసెక్కి చిట్లుతుంది, అందుకే మధ్యలో కాచి మెత్తబరుస్తారు. న్యూట్రాన్ దెబ్బలకీ లోహం అలాగే బిరుసెక్కుతుంది, కానీ నడుస్తున్న రియాక్టర్ గోడని ఊడదీసి కొలిమిలో పెట్టలేం కదా. ఇది తేలకుండా ఫ్యూజన్ కరెంటు మన ఇంటికి రాదు, అందుకే ఈ పని అంటే నాకంత గౌరవం.

ఇందులోనూ రెండు దారులున్నాయి. టంగ్‌స్టన్ 3,422 డిగ్రీల దాకా కరగదు. ఫ్రాన్స్‌లో కడుతున్న అంతర్జాతీయ ఫ్యూజన్ రియాక్టర్ ఈటర్‌లో చదరపు మీటరుకి 10 మెగావాట్ల వేడి తగిలే, ప్లాస్మాలోని వ్యర్థాన్ని బయటికి లాగే అడుగు భాగమైన డైవర్టర్‌కి అదే వాడుతున్నారు, లోపలి గోడకి కూడా బెరీలియం మానేసి దానికే మారారు. కానీ అది పెళుసు, పైగా బాగా వేడిగా ఉన్నప్పుడు ఫ్యూజన్‌లో పుట్టే హీలియం తగిలితే పైన నూగులాంటిది లేస్తుంది. రెండోది స్టీలు. స్టీల్లో మాలిబ్డినం, నియోబియం లోహాలు ఉంటే రేడియోధార్మికత చాలాకాలం పోదు, అందుకని వాటి బదులు టంగ్‌స్టన్, టాంటలం వేస్తారు. కల్పక్కం అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు హైదరాబాద్‌లోని ప్రభుత్వ లోహాల సంస్థ మిధానితో కలిసి అలాంటి స్టీలు చేశారు కూడా.

ఉద్యోగం చూసుకుంటే స్టీలే మేలు, ఫ్యూజన్ ఆలస్యమైనా ఆ చదువు మామూలు అణు రియాక్టర్లకీ పనికొస్తుంది. పీహెచ్‌డీకి మాత్రం టంగ్‌స్టన్‌తో మొదలుపెట్టడం తేలిక. న్యూట్రాన్ల బదులు అయాన్లతో (విద్యుదావేశం ఉన్న పరమాణువులతో) కొట్టి చూడొచ్చు, ఢిల్లీ ఐయూఏసీ (అయాన్లని వేగంగా పంపే యంత్రాలున్న పరిశోధన కేంద్రం) యూనివర్సిటీ పిల్లలకి కూడా బీమ్ టైమ్, అంటే ఆ యంత్రం వాడుకునే సమయం, ఇస్తుంది. ఆ బీమ్ కోసం నెలలు ఎదురుచూడాలి, వచ్చిన రెండు మూడు రోజులూ నిద్ర ఉండదు, ఆ టెన్షన్‌కి సిద్ధపడాలి. ఇదంతా విన్నాక మా మేనకోడలు పీహెచ్‌డీ సీటు కోసం రాసే జెస్ట్‌కి, గేట్‌కి రెండింటికీ అప్లై చేస్తానంది.