అడవి మంట ఎలా కదులుతుందో నేర్చుకోవడానికి: హైదరాబాద్ కంప్యూటర్ ల్యాబా, నల్లమల అడవా?

ఖర్చు: ల్యాబ్‌కు కంప్యూటర్, నెట్ చాలు. నల్లమలలోని అమ్రాబాద్‌కు జీపు, బస కావాలి. పైగా మంటల సీజన్ ఫిబ్రవరి నుంచి మే దాకానే.

శ్రమ: మంట ఎంత వేగంగా పాకుతుందో లెక్కగట్టే 1972 నాటి రోథర్‌మెల్ సమీకరణాలు కుదురుగా కూర్చుంటే తలకెక్కుతాయి. గుప్పెట్లో ఎండుటాకు నలిపి, పొడైతే ప్రమాదమని, మెత్తగా వంగితే ఇంకా తడుందని పసిగట్టడం మాత్రం అడవిలో నడిస్తేనే వస్తుంది. వాలు మీద మంట పైకి ఎంత వేగంగా ఎగబాకుతుందో స్క్రీన్ మీద అంకె, అక్కడ గుండెదడ.

రిస్క్: ల్యాబ్‌లో కళ్లు మండుతాయి, అంతే. కానీ మంటల్ని పట్టే ఉపగ్రహ సెన్సర్ వీఐఐఆర్‌ఎస్ చూపే చుక్క ఒక్కటే సుమారు 375 మీటర్ల వెడల్పు, మంట అందులో ఏ మూలనుందో చెప్పదు. అడవిలో అయితే తప్పించుకునే దారి ముందే చూసుకోవాలి.

మ్యాపులు, కోడింగ్ వచ్చి, కంట్రోల్ రూమ్‌లో కూర్చునేవాళ్లకు ల్యాబే నయం. బీట్ సిబ్బందిని మంట దగ్గరకు పంపే బాధ్యత ఉన్నవాళ్లకు నల్లమల. చేతిలో ఒక్క సీజనే ఉంటే నేనైతే జీపే ఎక్కుతా.