చంద్రకేతుగఢ్ యక్షి: 45,000 నుంచి 18,000కు

కోల్‌కతాకు దగ్గర్లో, బెరాచాంపా ఊరి పక్కనున్న ప్రాచీన స్థలం చంద్రకేతుగఢ్ చూడాలనుకునేవారు కోల్‌కతా లాడ్జీవాళ్లు మాట్లాడిపెట్టే కారు మాత్రం ఎక్కకండి. ఇంతకు మించి చదివే ఓపిక లేనివారికి ఈ ఒక్క మాట చాలు. మిగిలినవారు నా కడుపుమంట కాస్త భరించాలి.

మా బాబాయి బ్యాంకు ఉద్యోగం విరమించాక శాతవాహన నాణేల పిచ్చిలో పడ్డారు. నాణేల మీది నుంచి మట్టిబొమ్మల మీదికి మనసు మళ్లింది కొండాపూర్ వల్ల. సంగారెడ్డి జిల్లాలోని ఆ ఊరి దిబ్బను 1941-42లో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ తవ్వినప్పుడు, నాణేలతోపాటు తెల్ల సుద్దమట్టితో చేసి కాల్చిన చిన్న చిన్న మూర్తులు బయటపడ్డాయి. అక్కడి మ్యూజియంలో ఒక స్త్రీమూర్తి తల ముందు నిలబడి, ఆ జుట్టు ముడి చూస్తూ ఈయన భోజనం వేళే మరిచిపోయారు. దాదాపు అదే కాలంలో వంగదేశంలో ఇంకా గొప్ప అమ్మవారి బొమ్మలు అచ్చొత్తారని ఎవరో చెవిన వేశారు. ఇక ఆగుతారా? పిన్నికి మోకాళ్ల నొప్పులు. తోడు వెళ్లే బాధ్యత నా మీద పడింది.

పార్క్ స్ట్రీట్ దగ్గర్లో లాడ్జి. గది రోజుకు 2,400. కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ. గీజరు ఏడింటి తర్వాత పనిచేయదని ఏడున్నరకు చెప్పారు. చన్నీళ్ల స్నానంతో మొదలైన ఆ రోజు బాబాయి ముఖం మరి సాయంత్రందాకా విప్పారలేదు. కింద మేనేజరు మాత్రం మహా చురుకు. "బెరాచాంపాకా? మా కారుంది, గైడు కూడా వస్తాడు, అంతా కలిపి 3,800" అన్నాడు. 'అంతా కలిపి' అన్న మాట గుర్తుపెట్టుకోండి.

దూరం 40 కిలోమీటర్ల లోపే. బారాసాత్ దగ్గర ఇరుక్కుపోయి రెండున్నర గంటలు పట్టింది. తీరా చేరాక కారు దిబ్బ దగ్గరకు పోలేదు. సందులు తిరిగి ఒక పెంకుటింటి ముందు ఆగింది. టీ వచ్చింది, బిస్కెట్లు వచ్చాయి, తలుపు గడియ పడింది. ఇంటాయన మంచం కింది నుంచి రేకుపెట్టె లాగి, దిండు గలీబు విప్పి, పాత పత్రికల చుట్ట విప్పి, జానెడు యక్షిని, అంటే ఆ అమ్మవారి మట్టిబొమ్మను, బాబాయి చేతుల్లో పెట్టాడు. పొలం దున్నుతుంటే నాగలికి తగిలిందట. 2,000 ఏళ్లనాటిదట. 45,000 అట.

బాబాయి చేతులు వణికాయి. నేను బొమ్మను అందుకుని కిటికీ దగ్గరకు తీసుకుపోయాను. చంద్రకేతుగఢ్ యక్షికి తలలో ఒక పక్కన ఆయుధాల ఆకారంలో అయిదు జడసూదులు ఉంటాయి. గొడ్డలి, అంకుశం అని విడివిడిగా పోల్చుకునేంత పదునుగా చెక్కిన అచ్చులు ఆనాటివి. ఈ అమ్మ తలలో ఉన్నవి మాత్రం వానకు తడిసిన సబ్బుబిళ్ల మీది అక్షరాల్లా ఉన్నాయి. కారణం తెలిసిందే. పాత బొమ్మ మీద మట్టి అదిమి అచ్చు తీసి, ఆ అచ్చులో కొత్త బొమ్మ వేస్తారు. మట్టి ఆరేటప్పుడు, కాలేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి నకలు అసలుకంటే కాస్త చిన్నదై, గీతలన్నీ మొద్దుబారతాయి. వెనక్కి తిప్పితే మందంగా మట్టి పట్టి ఉంది. సీసాలో నీళ్లు రెండు చుక్కలు వేసి బొటనవేలితో రుద్దాను. మట్టి మొత్తం ఊడి వచ్చింది. కింద ఎర్రగా, నిన్నో మొన్నో ఆవంలోంచి తీసిన రంగు. బంక వాసన కూడా వచ్చింది.

నీళ్లు పడగానే ధర 30,000 అయింది. నేను సీసా మూత పెట్టేసరికి 18,000. గైడు అందుకుని, "విదేశాలవాళ్లయితే లక్షలు పోస్తారు మేడం" అన్నాడు.

"నకిలీదైతే నీ అంత తెలివిగా ఎవరు చూస్తారే అమ్మాయ్, కొలువులో పెట్టుకుంటే చాలు కదా" అని బాబాయి మెల్లగా తెలుగులో. "నిజమైనదైతే మాత్రం ఏం చేస్తారు బాబాయ్?" అన్నాను. పురావస్తువుల మీది 1972 చట్టం 1976 నుంచి అమల్లో ఉంది. నూరేళ్లు దాటిన శిల్పం పురావస్తువు. లైసెన్సు లేనివాడు దాంతో వ్యాపారం చేయకూడదు. మట్టి శిల్పాన్ని ఇంట్లో ఉంచుకోవాలన్నా రిజిస్ట్రేషన్ ఉండాలి. దేశం దాటించే హక్కు ప్రైవేటు వ్యక్తికి అసలే లేదు. నాగలికి తగిలిందన్న కథ నిజమైతే ఇంకా ఇరకాటం. పది రూపాయలకు మించిన విలువ గల నిక్షేపం నేలలో దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. బ్యాంకులో పెద్ద పదవి చేసిన మనిషికి ఇవన్నీ నేను చెప్పాలా? ఆయనకు కోపం వచ్చింది. చట్టం మీద కాదు, నా మీద.

దిబ్బ దగ్గర ఆయన గొడుగు వేసుకుని నాకు దూరంగా నడిచారు. ఖనా-మిహిర్ దిబ్బ అంటారు దాన్ని. టికెట్టు లేదు, నీడ లేదు, మరుగుదొడ్డి లేదు. గుప్తుల నాటి ఇటుక గుడి పునాది మెట్లుమెట్లుగా కనిపిస్తుంది. 1956-57 నుంచి పదేళ్లకు పైగా కలకత్తా విశ్వవిద్యాలయం వారి ఆశుతోష్ మ్యూజియం ఈ ప్రాంతంలో తవ్వింది. స్థానికులు మాత్రం ఇది వరాహమిహిరుడి ఇల్లని, జ్యోతిషంలో తనను మించిన కోడలు ఖన నాలుక కోయించారని చెబుతారు. "ఉజ్జయినివాడికి ఇక్కడ ఇల్లేమిటి" అని బాబాయి గొణిగారు. చాలాసేపటికి ఆయన నోట వచ్చిన మొదటి మాట అది.

ఊళ్లోనే ఒక చిన్న సంగ్రహాలయం ఉంది. ఆ ఊరి బడిపంతులు ఒకరు ఏళ్ల తరబడి కూడబెట్టిన వస్తువులతో ఏర్పడింది. మా గైడుకు అది ఉన్నట్టే తెలియదు. కిళ్లీకొట్టు కుర్రవాడు దారి చూపాడు. చక్రాలు బిగించి లాగే మట్టి పొట్టేలు బొమ్మబండి దగ్గర బాబాయి వంగి చూడటం మొదలుపెట్టాక నాకు ఊపిరి ఆడింది. భోజనం రోడ్డు పక్క పూటకూళ్ల హోటల్లో చేశాం. అన్నం, కొబ్బరి ముక్కలు వేసిన శనగపప్పు, గసగసాల ముద్దతో ఆలుగడ్డ కూర, వేయించిన వంకాయ. ఇద్దరికీ 140. ఆవనూనె ఘాటుకు భయపడుతూ కూర్చున్న మనిషి గసగసాల కూర మూడుసార్లు వేయించుకున్నారు. హోటలావిడ అదనంగా పైసా అడగలేదు.

రాత్రి లాడ్జిలో బిల్లు వచ్చింది. కారు 3,800, పార్కింగు 200, గైడు 600. 'అంతా కలిపి' ఏమైందని నిలదీస్తే మేనేజరు తడుముకోకుండా చెప్పిన మాట ఇది: "మీరు అక్కడ ఏదైనా కొని ఉంటే గైడు చార్జీ పడేది కాదు." బాబాయి నా వైపు చూశారు. 600 ఇవ్వలేదు. 200 ఇచ్చి, పొద్దున్నే గది ఖాళీ చేశాం.

మర్నాడు కాలేజ్ స్ట్రీట్‌లోని ఆశుతోష్ మ్యూజియం. 1937లో పెట్టినది. వెలుతురు తక్కువ, రద్దీ అంతకంటే తక్కువ. అక్కడ చూశాం అసలైన యక్షిని. నడుము మీద చేయి, చెవులకు బరువైన కమ్మలు, మొలనూలులో పూసపూసా లెక్కపెట్టవచ్చు. బట్ట ఉందా లేదా అన్నంత పలచన. జడసూదులు దేనికది విడిగా. బాబాయి భూతద్దం తీసి, గాజుకు నుదురు ఆనించి, "వాడి బొమ్మకు ఈ మొలనూలే లేదు" అన్నారు. అంతటితో నాకు క్షమాపణ దొరికిందనుకుంటాను. ఇదే బెంగాల్‌లోని తామ్లుక్‌లో 1883లో దొరికిన యక్షి ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఉందని చెబితే, "మనూరి అమ్మను చూడాలంటే వీసా" అని నిట్టూర్చారు. ఇండియన్ మ్యూజియం, బెహాలాలోని రాష్ట్ర పురావస్తు మ్యూజియం కూడా చూశాం. సమయం తక్కువైతే బెహాలాకే వెళ్లండి.

కారు అవసరమే లేదు. శియాల్దాలో హస్నాబాద్ లోకల్ ఎక్కి హాడోవా రోడ్‌లో దిగితే బెరాచాంపాకు టోటోలు, అంటే బ్యాటరీ రిక్షాలు, దొరుకుతాయి. మంచినీళ్లు, గొడుగు మీవే. ఇంటికి పిలిచి టీ ఇచ్చేవారి దగ్గర టీ తాగి లేచిరండి.

బొమ్మ లేకుండా ఇంటికి పోనన్నారు కాబట్టి బాబాయికి పాంచ్‌ముడా మట్టి గుర్రాల జత కొనిపెట్టాను, 650. బాంకుడా జిల్లా కుమ్మరుల పని, ఈ ఏడాదిదే. వాటి చెవులు, తోక విడిగా చేసి గుచ్చుతారు. రైల్లో తెచ్చేవారు ఊడదీసి బట్టల్లో చుట్టుకోవాలి. దుకాణదారు తానే తీసి, విడిగా పొట్లం కట్టి, అడగకుండానే రసీదు రాసిచ్చాడు.