జయపురం–విశాఖ తొమ్మిది సీట్ల విమానం: ఒక్క నక్షత్రం ఎందుకు తీసేశానంటే

అమ్మ కంటి వైద్యం విశాఖలో. సుంకి ఘాట్, సాలూరు మీదుగా కారులో వెళ్తే ఆవిడ నడుం పట్టేస్తుంది. కిరండూల్ లైను రైల్లో అరకు సొరంగాలన్నీ దాటేసరికి రోజు గడిచిపోతుంది. విమానమైతే గంటలోపే దించుతుంది. మా ఒడిశా కోరాపుట్ జిల్లా వాళ్ళకి ఇది నిజంగా మేలు చేసిన సర్వీసు. ఐదుకి నాలుగిస్తాను.

విమానం సెస్నా క్యారవాన్. ఒకటే ఇంజిను, టాయిలెట్ లేదు. సామానుతోపాటు మనిషినీ తూకం వేసి, బరువు చూసుకుని సీటు చెబుతారు. రెక్క నెత్తిమీద ఉంటుంది కనక కిందున్న కొండలూ పోడు చేలూ ఏ అడ్డూ లేకుండా కనిపిస్తాయి. పైలట్లకీ మనకీ మధ్య తలుపుండదు. కోపైలట్ ఒళ్ళో చెక్‌లిస్టు కాగితం పెట్టుకుని ఒక్కో వరస మీద వేలు పెట్టి చదవడం, కెప్టెన్ ఆ మీట ముట్టుకుని బదులివ్వడం ముందు సీట్లోంచి చూశాను. "ఆ పిల్లాడు పొద్దున్న ఏమైనా తిన్నాడో లేదో అడగరా," అంది అమ్మ.

తీసేసిన నక్షత్రం ఆ ఇద్దరి పనికి కాదు. ఒకసారి విశాఖలో తిరుగు విమానం రద్దయింది. పొద్దున కొండల మీద మబ్బు వీడక అన్నీ ఆలస్యమయ్యాయి. కౌంటర్లో అడిగితే "ఆపరేషనల్ రీజన్స్" అని ఒకే మాట. చివరికి కెప్టెనే బయటికొచ్చి, "మా డ్యూటీ టైము అయిపోతోందండీ, ఎగరకూడదు," అన్నాడు. ఒకాయన ఆయన మీదకి అరిచాడు. నాకు చాలా బాధేసింది. అలిసిపోయాను, నడపనని చెప్పే పైలటే కదా మనకి కావలసింది! ఆ మాట కంపెనీ చెప్పాలి, తిట్లూ కంపెనీయే తినాలి.

మా మేనల్లుడు ఇంకో రాష్ట్రంలో ఇలాంటి చిన్న సంస్థలోనే కోపైలట్. 200 గంటలు ఎగిరి లైసెన్సు తెచ్చుకోవడానికి అక్కావాళ్ళు పొలం తాకట్టు పెట్టారు. జీతం ఒక నెలది ఇంకో నెలలో పడుతుంది. వాడి కళ్ళన్నీ పెద్ద ఎయిర్‌లైన్ మీదే, తప్పు పట్టను. 2023లో ఎయిరిండియా 470, ఇండిగో 500 విమానాలకి ఆర్డరు పెట్టాయి. వాటికి అనుభవమున్న పైలట్లు కొంతమందైనా ఈ చిన్న విమానాల్లోంచే వెళ్తారు. 2017 నుంచి కెప్టెన్‌కి ఏడాది, కోపైలట్‌కి ఆరు నెలలు నోటీసు పీరియడ్ పెట్టారు. దాంతో పిల్లలు కదల్లేరు, కానీ జీతం పెరగదు, విశ్రాంతీ పెరగదు. చిన్న సంస్థ తర్ఫీదిస్తుంది, పెద్దది తీసుకుపోతుంది, రద్దయిన టికెట్టుతో మనం కూర్చుంటాం.

అమెరికాలో ఇదే తంతు ప్రాణాల మీదకి తెచ్చింది. 2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర కూలిన విమానం మీద కాంటినెంటల్ అనే పెద్ద ఎయిర్‌లైన్ పేరుంది, నడిపింది కోల్గన్ అనే చిన్న సంస్థ. 50 మంది పోయారు. కెప్టెన్ పొరపాటని విచారణ తేల్చింది. కానీ కోపైలట్ అమ్మాయి ముందు రాత్రంతా సియాటిల్ నుంచి ప్రయాణం చేసి వచ్చి డ్యూటీ ఎక్కిందనీ, ఆమె జీతం ఎంత తక్కువో అప్పుడే లోకానికి తెలిసింది. చనిపోయినవాళ్ళ కుటుంబాలు పట్టుపట్టి పైలట్ల అనుభవం, అలసట గురించి 2010లో చట్టం తెప్పించుకున్నాయి. జీతాలు మాత్రం బాగా పెరిగింది 2022లో, పైలట్లు దొరక్క అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన చిన్న అనుబంధ సంస్థల్లో పెంచాకే. మన దగ్గరా వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచారు. 2025 డిసెంబరులో పైలట్లు చాలక ఇండిగో విమానాలు వేలల్లో రద్దయ్యేసరికి, రాత్రి డ్యూటీ నిబంధనల్లో ఆ సంస్థకి తాత్కాలికంగా సడలింపు ఇచ్చారు. అది నాకు నచ్చలేదు.

టికెట్టుకి ఇంకో మూడొందలు అడగండి, ఇస్తాను. అది ఈ చిన్న విమానాల పైలట్ల జీతంలోకి వెళ్ళాలి.

ఆసుపత్రి పని మీద వెళ్ళేవాళ్ళు ఒకరోజు ముందే బయల్దేరండి. వానాకాలంలో అయితే సాలూరు దారి బస్సు వేళలు కూడా కనుక్కుని ఉంచుకోండి. బ్యాగు చిన్నదే తెచ్చుకోండి, మందులు మాత్రం చేతిసంచిలో పెట్టుకోండి.